సంగీతము మాస్టారి రుసుము

బిడ్డకు సంగీతము చెప్పింపవలెనని సంకల్పించిన గృహస్థు మొట్టమొదట విచారించునది, ఆ గురువుగారు రేడియోలో పాడియున్నారా, టీవీ పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లియున్నారా అని. తరువాత విచారించునది, నెలకు ఎంత పుచ్చుకొందురని. కచేరీ విద్య వేరు, బోధనావిద్య వేరు. కల్యాణిని గంటసేపు విస్తరింపగల విద్వాంసునకు, ఎనిమిదేండ్ల బాలిక గాంధారమును ఒక పిసరు దిగువగా పలికినప్పుడు అక్కడనే ఆపి, పదిమార్లు పలికించు ఓర్పు ఉండితీరవలెనన్న నియమము లేదు. కావున గురువుగారి గానము వినుటకంటె, వారివద్ద రెండేండ్లు నేర్చిన శిష్యుడొకడు మాయామాళవగౌళలో సరళీవరుసలను మూడు కాలములలో ఎట్లు పాడుచున్నాడో వినుట మేలు. తంబురా ఆపినను ఆ శిష్యుని షడ్జము చెదరనిచో, ఆ యింట విద్య ఉన్నదని నమ్మవచ్చును.

మంచి గురువు మొదటి దినముననే బిడ్డచేత తారాషడ్జమును, మంద్రపంచమమును పలికించి చూచి, గాత్రమునకు తగిన శ్రుతిని నిర్ణయించును. పదిహేనుమందిని చాపమీద కూర్చుండబెట్టి అందఱకును ఒకే శ్రుతిపెట్టె మీట నొక్కు చోట, కొందఱు గొంతు చించుకొందురు, కొందఱు గొణుగుదురు. గొంతు మారు వయస్సున మగపిల్లల అవస్థ చెప్పనే అక్కఱలేదు. అయినను గీతములు, స్వరజతులు, వర్ణములు పుస్తకములో పుటలు తిరుగుచునే యుండును. తల్లిదండ్రులకును పుటలు తిరుగుటయే కావలసియుండుట ఇంకొక చిత్రము!

ఇక రుసుము మాట. మన పెద్దలు విద్యకు వెల కట్టలేదని చెప్పుకొనుట మనకు అలవాటు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారికి విజయనగరములో పట్రాయని సీతారామశాస్త్రిగారు కాసు కోరక విద్యాదానము చేసిన మాట నిజము. ఆ విద్యార్థి మధుకరమెత్తి కడుపు నింపుకొనిన మాటయు నిజమే. అయితే శాస్త్రిగారు ఉద్యోగము చేసిన అక్కడి సంగీత కళాశాలను 1919లో నెలకొల్పినది గజపతుల సంస్థానమన్న సంగతిని ఈ కథ చెప్పువారు మఱచుచుందురు. సంస్థానములు పోయినవి, మాస్టారి యింటి అద్దె పోలేదు. లెక్కల ట్యూషనునకు నోరెత్తక చెల్లించు తండ్రి, సంగీతమునకు వచ్చుసరికి "పిల్ల ఈ నెల రెండు క్లాసులు మానినది గదా" యని తగ్గింపు అడుగుట న్యాయము కాదు. అమెరికాలోని తెలుగు పిల్లలు డాలర్లలో చెల్లించుచుండగా, గురువులు తెల్లవాఱుజామున ఫోనుముందు కూర్చుండుటను తప్పుపట్టలేము. వీడియోలో స్వరము తడసి చేరుటచే గురుశిష్యులు గొంతు కలిపి పాడుట పొసగదన్న లోపము మాత్రము తీఱలేదు.

సామాన్య కుటుంబమునకు నేను చెప్పునది, ఒకే శ్రుతి గల ఇద్దఱు పిల్లలు ఒక గంటను, దాని రుసుమును పంచుకొనవచ్చునని. ప్రభుత్వ సంగీత కళాశాలలును, తిరుపతిలోని దేవస్థానమువారి కళాశాలయు ఉన్నవి గాని, అవి అన్ని ఊళ్లకును అందునవి కావు. ఊరూర ఉన్నవి దేవాలయ కల్యాణమండపములు. సాయంకాలము తాళము వేసియుండు ఆ మండపములను దేవాదాయశాఖవారు అద్దె లేక సంగీతోపాధ్యాయుల కిచ్చి, పదిమందిలో ఇద్దఱు పేదపిల్లలకు ఉచితముగా చెప్పవలెనని షరతు పెట్టినచో, రుసుములో అద్దె భాగము తగ్గును. పెండ్లి ముహూర్తములున్న దినములలో పాఠము సాగకపోవచ్చును. ఆషాఢములోను, మూఢములోను ఆ చిక్కు లేదు.