బూడిదలో దొరికిన ఉక్కు అచ్చులు

పాత కళాశాలలు దాచుకున్న వస్తువుల్లో స్మృతి చిహ్నాలు వేరు, ఆధారాలు వేరు. స్మృతి చిహ్నం ఒక మనిషిని తలపుకు తెస్తుంది: స్థాపకుడు కూర్చున్న కుర్చీ, నిలువెత్తు తైలవర్ణ చిత్రం, శంకుస్థాపన నాటి వెండి తాపీ ఇటువంటివి. ఆధారం ఒక పని ఎలా జరిగిందో చెబుతుంది: హాజరు పట్టీ, జమాఖర్చుల చిట్టా, కొట్టివేతలతో నిండిన రాతప్రతి, చేతివాటుకు అరిగిన పనిముట్టు ఈ కోవలోకి వస్తాయి. మొదటిదానికి అద్దాల బీరువా తేలిగ్గానే దొరుకుతుంది. రెండవది తరచుగా అటక ఎక్కి, అక్కడినుంచి పాత కాగితాల తూకానికి చేరుతుంది. ఈ తారతమ్యం ఎంత నష్టం చేస్తుందో తెలుసుకోవడానికి, తెలుగు అచ్చుకు దగ్గరి సంబంధమున్న సెరాంపూర్ కళాశాల చరిత్రకు మించిన ఉదాహరణ దొరకదు.

కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది పడమటి ఒడ్డున, బారక్‌పూర్‌కు ఎదురుగా ఉన్న సెరాంపూర్‌ను బెంగాలీలు శ్రీరాంపూర్ అంటారు. 1755 నుంచి 1845 వరకు అది డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉంది. మతప్రచారకులకు తన భూభాగంలో తావివ్వడానికి ఈస్టిండియా కంపెనీ ఇష్టపడని కాలంలో, ఆ డేనిష్ పట్టణం విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు బాప్టిస్టులకు ఆశ్రయమిచ్చింది. వారు 1800లో అచ్చుకూటాన్ని, 1818లో కళాశాలను నెలకొల్పారు. ఆసియా యువకులకు తూర్పు దేశాల సాహిత్యాన్నీ పాశ్చాత్య విజ్ఞానశాస్త్రాన్నీ కలిపి బోధించాలన్న సంకల్పంతో, క్రైస్తవులతోపాటు ఇతరులనూ చేర్చుకుంటూ, 37 మంది విద్యార్థులతో ఆ కళాశాల మొదలైంది. నదికి అభిముఖంగా ఎత్తైన స్తంభాలతో నేటికీ నిలిచి ఉన్న దాని ప్రధాన భవనం 1820ల తొలినాళ్లలో పూర్తయింది.

కేరీ పేరు మీద అక్కడ నడుస్తున్న గ్రంథాలయం సెరాంపూర్ అచ్చుకూటం నాటి ప్రచురణలకు ప్రసిద్ధం. కుర్చీలకూ చిత్రపటాలకూ ఉండే గౌరవాన్ని ఎవరూ తక్కువ చేయనక్కరలేదు గాని, తెలుగు పాఠకుడు వెతకవలసింది మాత్రం పంచ్ అనే చిన్న ఉక్కు కడ్డీ కోసం. అచ్చక్షరం పుట్టుక దానితోనే మొదలవుతుంది. మెత్తని ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగవేసి, ఉబ్బెత్తుగా చెక్కి, ఆ కొసను కాల్చి గట్టిపరచి, దానిని రాగి ముక్క మీద సమ్మెటతో కొడితే ఆ రాగిలో అక్షరం గుంటగా పడుతుంది; ఆ రాగి ముక్కను మాతృక అంటారు. మాతృకను మూసలో బిగించి సీసం, తగరం, ఆంటిమొని కలిసిన ద్రవలోహాన్ని పోస్తే టైపు తయారవుతుంది. టైపు అరిగిపోతుంది, కరిగిపోతుంది. పంచ్ ఉన్నంతకాలం దానిని మళ్లీ పోసుకోవచ్చు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులతో తెలుగు లిపికి ఇటువంటి పంచ్‌లు వందల్లో కావలసి వస్తాయి గనుక, ఒక్కొక్క దానిని కంటి చూపుతో, చేతి నైపుణ్యంతో చెక్కిన కమ్మరి పనితనం ఒక భాషకు పెట్టుబడి వంటిది.

1812 మార్చి 11 సాయంత్రం సెరాంపూర్ అచ్చుకూటానికి నిప్పంటుకుంది. పద్నాలుగు ప్రాచ్య భాషల టైపులు కరిగి ముద్దలయ్యాయి, కాగితం దొంతరలు బూడిదయ్యాయి, కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు కాలిపోయాయి. భారతీయ భాషల పదాలను సంస్కృతంతో సరిపోల్చే బృహన్నిఘంటువుతోపాటు ఆ మంటల్లో నశించినవాటిలో ఒక తెలుగు వ్యాకరణం కూడా ఉంది. అయితే శిథిలాలను తవ్వినప్పుడు ఉక్కు పంచ్‌లు చెడకుండా బయటపడ్డాయి. వాటి ఆధారంతో కొద్ది నెలల్లోనే టైపులు మళ్లీ పోతపోశారు, ఇంగ్లండులో విరాళాలు పోగయ్యాయి, కేరీ వ్యాకరణాన్ని తిరిగి రాసుకున్నాడు, అది 1814లో వెలువడింది. హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ 1740లలో తెలుగు పుస్తకాలను అచ్చువేయించిన నాటి నుంచి మద్రాసులో క్యాంబెల్ వ్యాకరణం వెలువడిన 1816 దాకా సాగిన దారిలో, కేరీ వ్యాకరణం బూడిదను దాటి వచ్చిన మజిలీ. అది పరిపూర్ణమైనదని కాదు. క్యాంబెల్, ఆ తరువాత సి.పి. బ్రౌన్ చేసిన కృషి దానిని చాలా వెనక్కు నెట్టింది. అయినా తెలుగునాట నివసించని మనిషి, కాలిపోయిన గ్రంథాన్ని రెండేళ్లలో మళ్లీ నిలబెట్టాడంటే, ఆయన వెనుక తెలుగు తెలిసిన పండితుల నాలుకలు, చెవులు, కలాలు ఎంతగా పనిచేశాయో ఊహించుకోవచ్చు.

ముఖపత్రం మీద మాత్రం కేరీ పేరే కనిపిస్తుంది. స్మృతి చిహ్నాలకూ ఆధారాలకూ ఉన్న తేడా ఇక్కడే తేటపడుతుంది. రాబర్ట్ హోమ్ గీసిన ప్రసిద్ధ చిత్రంలో కేరీ పక్కన ఒక పండితుడు కూర్చుని ఉంటాడు. ఆయనను మృత్యుంజయ విద్యాలంకారుడిగా గుర్తిస్తారు గాని, చిత్రం చూసేవారి దృష్టి ఆ వైపు నిలవడం అరుదు. పంచ్‌లు చెక్కిన పంచానన కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ కమ్మరి వృత్తి కుటుంబాల వారు. వారి కుర్చీలను ఎవరూ దాచలేదు, వారి పనితనమే వారికి మిగిలిన ఆనవాలు. తెలుగు విషయంలోనూ అంతే. విశాఖపట్నంలో లండన్ మిషనరీ అగస్టస్ డెస్ గ్రాంజెస్‌తో కలిసి సువార్తలను తెలుగులోకి తెచ్చిన ఆనందరాయర్ పేరు ఆ అనువాదాల చరిత్ర చదివిన కొద్దిమందికే తెలుసు. మత్తయి, మార్కు, లూకా సువార్తల ఆ అనువాదం సెరాంపూర్‌లోనే 1812లో అచ్చయింది. డెస్ గ్రాంజెస్ అప్పటికి రెండేళ్ల ముందే కన్నుమూశాడు.

తెలుగువారి మనసును పట్టుకునే మరొక ముడి కూడా ఆ ఊరితో ఉంది. కేరీ బృందానికి పొరుగున, ఆల్డీన్ అనే భవంతిలో డేవిడ్ బ్రౌన్ అనే ఆంగ్లికన్ మతగురువు కుటుంబం నివసించేది. 1798లో కలకత్తాలో పుట్టిన ఆయన కుమారుడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. అచ్చుకూటం కాలిన 1812లోనే తండ్రి మరణించాడు; అప్పటికి బ్రౌన్‌కు పదమూడేళ్లు. వేమన పద్యాలనూ తెలుగు నిఘంటువునూ లోకానికి అందించిన మనిషి బాల్యానికి ఇంత దగ్గరలో తెలుగు టైపులు పోతపోసేవారన్న సంగతి తలచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. సామర్లకోటలో ఏళ్లపాటు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ రచించిన భారతీయ వృక్షశాస్త్ర గ్రంథాన్ని, ఆయన మరణానంతరం 1820లో కేరీ సెరాంపూర్‌లోనే అచ్చువేయడం కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినదే.

ఇంత చెప్పుకున్నాక తెలుగునాట ఉన్న క్రైస్తవ కళాశాలల వైపు చూడక తప్పదు. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో తెరిచిన పాఠశాల నోబుల్ కళాశాలగా ఎదిగింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ బోధించారు, విశ్వనాథ సత్యనారాయణ అక్కడ చదువుకున్నారు. గుంటూరులో లూథరన్లు 1885లో ప్రారంభించిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో అదే విశ్వనాథ అధ్యాపకులుగా పనిచేశారు. ఇటువంటి సంస్థల హాజరు పట్టీలు, వసతి గృహాల భోజన ఖర్చుల చిట్టాలు, విద్యార్థుల వార్షిక సంచికలు, ప్రయోగశాల సామగ్రి కొనుగోలు రశీదులు తెలుగు మధ్యతరగతి ఎలా పుట్టిందో, ఏ కులాల పిల్లలు ఏ ఏడు ఏ బల్ల మీద కూర్చోగలిగారో చెప్పగల సాక్ష్యాలు. 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30,000 మంది ప్రాణాలు తీసిన ఉప్పెన వంటిది ఎదురైతే కాగితం నిలవదు. ఉప్పెన లేకపోయినా ఉప్పుగాలి, చెద, ఆమ్లం నిండిన చౌక కాగితం దానిని నెమ్మదిగా తినేస్తూనే ఉంటాయి. కొత్త భవనం కట్టేటప్పుడు పాత గదిలోని మూటలను విప్పి చూడకుండా బయట పడేయడం వీటన్నిటికంటె బాధాకరం. ప్రతి వస్తువుకూ ఒక అంకె వేసి, అది ఎక్కడిదో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో నమోదు చేసే ఒక పుస్తకం తెరవడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఆ పని చేయగల అధ్యాపకుడికి వారానికి రెండు గంటలు కేటాయిస్తే చాలు.

కాగితం ఎంతకాలం మౌనంగా పడి ఉన్నా మళ్లీ పనికివస్తుందనడానికి సెరాంపూర్‌లోనే సాక్ష్యముంది. 1827 ఫిబ్రవరి 23న డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ ఆ కళాశాలకు ఒక సనదు, అంటే రాజముద్రతో అధికారమిచ్చే పత్రం, ప్రసాదించాడు. దానితో కోపెన్‌హేగెన్, కీల్ విశ్వవిద్యాలయాల వలె పట్టాలు ఇచ్చే హక్కు కళాశాలకు లభించింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడడానికి అది ముప్పై ఏళ్ల ముందు మాట. 1845లో పట్టణం బ్రిటిష్‌వారికి అమ్ముడుపోయినప్పుడు ఒప్పందంలో ఆ హక్కును కాపాడుకున్నారు గాని, దాన్ని వాడుకోలేదు. జార్జ్ హవెల్స్ నాయకత్వంలో కళాశాల పునరుజ్జీవం పొందాక, 1915లో తొలిసారి ఆ సనదు ఆధారంగా దైవశాస్త్రంలో పట్టాలు ఇచ్చారు. 1918 నాటి బెంగాల్ శాసనం దానిని మరింత స్థిరపరచింది. ఆ అధికారం కిందనే దేశంలోని అనేక వేదాంత కళాశాలలు నేటికీ నడుస్తున్నాయి. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువు ముగించిన తెలుగు విద్యార్థి అందుకునే పట్టా మీద ఇప్పటికీ ఉండేది సెరాంపూర్ పేరే.