108కి ఫోన్ చేస్తే టీసీయేనా?

2015 జులైలో నాగార్జున యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య, దానివెంట వచ్చిన ర్యాగింగ్ ఆరోపణలు ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేశాయి. ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. ర్యాగింగ్ చేయబోమని యూజీసీ 2009లో అఫిడవిట్లూ పెట్టించింది. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో అడ్మిషన్ నాడు వాటిని చదివి సంతకం పెట్టేవారెందరు?

అసలు చిక్కు హాస్టల్ గదిలో. సీనియర్లు బలవంతంగా తాగిస్తే కుర్రాడు స్పృహ తప్పాడనుకోండి. పక్కమంచం వాడు నిమ్మరసం పట్టిస్తాడే గానీ 108కి ఫోన్ చేయడు. వార్డెన్‌కు తెలిస్తే తనకూ టీసీ ఇచ్చి పంపేస్తారని భయం. అమెరికాలో చాలా యూనివర్సిటీలు, ఆపదలో సాయం కోరినవారిపై తాగినందుకు క్రమశిక్షణ చర్య ఉండదని నిబంధనల్లోనే రాశాయి. మన హాస్టళ్లూ ఆ వాక్యం చేర్చాలి. తాగించినవాడికి మాత్రం ఆ మినహాయింపు వర్తించకూడదు.