యజమాని దయ మీద నడిచే క్లబ్

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన జట్టు అది. మరుసటి సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాత, 2023-24లో, 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్క గెలుపు. 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. ఏడాదిలో ఆట మరిచిపోయారా? కాదు, జీతాలు ఆగిపోయాయి. పాత ఆటగాళ్లు బకాయిల కోసం ఫిఫాకు వెళ్లారు. బాకీ తీర్చేదాకా కొత్తవాళ్లను చేర్చుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఆ సీజన్‌ను చాలావరకు కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చారు. 2024లో యజమాని మారాడు. 2025లో ఊరు మారి, పేరు మారి, జట్టు ఢిల్లీ చేరింది. అసలు ఈ ఫ్రాంచైజీ 2019లో హైదరాబాద్ వచ్చింది కూడా ఆర్థిక ఇబ్బందులతో మూతపడిన పుణె క్లబ్ స్థానంలోనే!

దీన్ని కొందరు 'మేనేజ్‌మెంట్ లోపం' అంటున్నారు. నేను ఒప్పుకోను. టికెట్లు, స్పాన్సర్లు, టీవీ వాటా కలిపినా జీతాలకూ ఫ్రాంచైజీ ఫీజుకూ చాలని లెక్క ఇది. ఏటా పడే గండిని యజమాని తన జేబులోంచి పూడ్చాలి. ఆయనకు విసుగొస్తే, ఆయన మిగతా వ్యాపారం దెబ్బతింటే, ముందు ఆగేది జీతమే. ఇంగ్లండ్‌లో చెల్సీ లాంటి క్లబ్ కూడా ఇలాగే నడిచింది. 2022లో అబ్రమోవిచ్ మీద ఆంక్షలు పడ్డాక చూస్తే, క్లబ్ ఆయనకు దాదాపు 150 కోట్ల పౌండ్లు బాకీ ఉంది. చెల్సీని కొనడానికి క్యూ కట్టారు కాబట్టి బతికింది. 1885లో పుట్టిన బరీ క్లబ్‌కు ఆ అదృష్టం లేదు. ఒక్క పౌండుకు చేతులు మారి, 2019లో లీగ్ నుంచే బహిష్కరణకు గురైంది.

సంపన్నుడు తన సంపదకు ధర్మకర్తగా ఉండి పేదల బాగు చూస్తాడన్న గాంధీ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఎందుకు తిప్పికొట్టారో ఫుట్‌బాల్‌లో చూస్తే ఇట్టే అర్థమవుతుంది. దయ అనేది ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగింది. హక్కు అలా కాదు. జీతం హక్కు. ఫెలోషిప్ మీద బతికే నాలాంటివాళ్లకు నెల దాటినా రాని డబ్బంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఈ దెబ్బ కూడా అందరికీ సమానంగా తగలదు. విదేశీ ఆటగాడికి ఏజెంట్, లాయర్, ఫిఫా ఉన్నాయి. మణిపూర్, మిజోరం పల్లెల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు క్లబ్‌తో తగువుంటే ఏఐఎఫ్‌ఎఫ్ కమిటీల చుట్టూ తిరగాలి. గడ్డి కత్తిరించేవాళ్లు, జెర్సీలు ఉతికేవాళ్లు ఎక్కడికి పోవాలి? వీఐపీ బాక్సులో కూర్చునేవాళ్ల ఇంటిపేర్లు, గ్రౌండ్‌లో పనిచేసేవాళ్ల ఇంటిపేర్లు పక్కపక్కన రాసి చూడండి. ఎవరి డబ్బు ఆటగా మారుతోందో, ఎవరి ఒళ్లు హూనమవుతోందో తెలుస్తుంది.

హైదరాబాద్‌కు ఇంకో చరిత్ర ఉంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోటీశ్వరుడు యజమాని కాడు. కోచ్ రహీమ్ సాబ్. పోలీసు కొలువు చేసే ఆటగాడికి గెలిచినా ఓడినా ఒకటో తారీఖున జీతం ఉండేది. అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరామ్ లాంటివాళ్లు ఈ నగరం మైదానాల నుంచే ఒలింపిక్స్ దాకా వెళ్లారు. ఆ రోజులు బంగారమని అనను, పోలీసు శాఖలోనూ పెద్దకులాల పెత్తనం ఉంది. కానీ పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు ఆటగాడికి ఉద్యోగమిచ్చాయి, మోకాలు విరిగాక కూడా తిండి పెట్టాయి. ఫ్రాంచైజీ ఇచ్చేది కాంట్రాక్టు కాగితం. ప్రభుత్వ ఉద్యోగాలు ప్రైవేటు చేతుల్లోకి పోతే మనవాళ్లకు ఏం జరిగిందో ఆటలోనూ అదే జరిగింది.

పెద్ద కంపెనీ అయితే భద్రమని నమ్మేవాళ్లు 2025 చూడాలి. 2010లో ఏఐఎఫ్‌ఎఫ్ తన వాణిజ్య హక్కులను పదిహేనేళ్లకు రిలయన్స్ భాగస్వామ్యంలోని సంస్థకు ఇచ్చింది. గడువు దగ్గరపడినా కొత్త ఒప్పందం తేలక జులైలో సీజన్ ఆపేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన ప్రధాన జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలు నిలిపేసింది. దాని యజమాని ఉక్కు దిగ్గజం జేఎస్‌డబ్ల్యూ!

'యజమానులు లేకపోతే ఆటే ఉండదు' అంటారు. జర్మనీలో సభ్యుల సంఘానికి సగానికి పైగా ఓటు ఉండాలన్న నియమం ఉంది. కొన్ని మినహాయింపులున్నా అక్కడ ఆట ఆగలేదు. మన దగ్గర 2017లో ఐ-లీగ్ గెలిచిన ఐజ్వాల్ ఎఫ్‌సీ చిన్న బడ్జెట్ జట్టే. దానికి సూపర్ లీగ్ తలుపు తెరవలేదు. అప్పట్లో ఫ్రాంచైజీ కొన్నవాళ్లకే లోపల చోటు ఉండేది. అభిమానుల సంఘాలకు క్లబ్బులో వాటా, ఊరు మార్చాలంటే వాళ్ల అంగీకారం ఇప్పటికిప్పుడు సాధ్యం కాకపోవచ్చు. ఒకటి మాత్రం వచ్చే సీజన్‌కే చేయొచ్చు. లైసెన్స్ ఇచ్చేముందు ఆటగాళ్లదీ సిబ్బందిదీ ఏడాది జీతాల మొత్తాన్ని యజమాని ముట్టుకోలేని బ్యాంకు ఖాతాలో వేయించాలి. వేయలేనివాడు ఎంత పెద్ద పారిశ్రామికవేత్త అయినా ఆ ఏడు జట్టును దింపకూడదు.