క్వాంటమ్ గురి కుదిరేదెలా?

క్వాంటమ్ కంప్యూటర్ అనగానే మన రక్షణ చర్చలు ఒక్క భయం చుట్టూనే తిరుగుతాయి: శత్రువు మన రహస్య సంకేతాలను ఛేదిస్తాడని. 1994లో పీటర్ షోర్ చూపిన పద్ధతితో అది సాధ్యమే. కానీ అందుకు లక్షల క్యూబిట్లు కావాలి. నేటి యంత్రాలు అందుకు చాలా దూరంలో ఉన్నాయి. పైగా వాటిలో తప్పులెక్కువ.

మరి వీటితో ఇప్పుడేం చేస్తున్నారు? ప్రధానమైనది ‘వేరియేషనల్’ పద్ధతి. సైన్యంలో పనిచేసిన నాకు ఇది ఫిరంగి గురి సరిచేయడంలా కనిపిస్తుంది. ముందున్న పరిశీలన అధికారి గుండు ఎక్కడ పడిందో చూసి ‘కుడికి 100 మీటర్లు’ అంటాడు. కోణం మార్చి మళ్లీ కాలుస్తారు. ఇక్కడ ఫిరంగి క్వాంటమ్ యంత్రం, అధికారి మామూలు కంప్యూటర్. యంత్రం ఒక క్వాంటమ్ స్థితిని సిద్ధం చేస్తుంది. దాని శక్తిని కొలిచి కంప్యూటర్ కోణాలను సవరిస్తుంది. శక్తి కనిష్ఠానికి చేరేదాకా ఇదే తంతు. 2014లో హీలియం హైడ్రైడ్ అయాన్‌పై దీన్ని చేసి చూపారు. పెద్ద అణువులకు పనిచేస్తే కొత్త బ్యాటరీలకు, పేలుడు పదార్థాలకు దారి దొరుకుతుంది.

చిక్కును 2018లో గూగుల్ పరిశోధకులు బయటపెట్టారు. సర్క్యూట్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, క్యూబిట్లు పెరిగేకొద్దీ ఏ కోణం మార్చినా ఫలితంలో తేడా కనిపించదు. పొగమంచులో గుండు పడిన చోటు కనబడని అధికారి స్థితి ఇది. అప్పుడు ఎన్ని గుండ్లు కాల్చినా వృథాయే.

అందుకే క్యూబిట్ల సంఖ్య ఒక్కటే బలానికి కొలమానం కాదు. 2023లో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ వ్యయం రూ.6,003 కోట్లు, లక్ష్యం ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 క్యూబిట్లు. అమరావతికి 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రాన్ని 2025లో ప్రకటించారు. యంత్రాన్ని తెచ్చుకోవచ్చు. సమస్యకు తగిన సర్క్యూట్ రాసే నిపుణులను మాత్రం మనమే తయారుచేసుకోవాలి.

రక్షణ శాఖ ముందు రెండు పనులున్నాయి. శత్రువు నేడు పట్టి దాచిన సందేశాన్ని రేపు విప్పగలడు. కాబట్టి క్వాంటమ్ దాడిని తట్టుకునే సంకేతాలకు ఇప్పుడే మారాలి. అమెరికా 2024 ఆగస్టులోనే అందుకు మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. రెండోది, సరఫరా ప్రణాళికకు క్వాంటమ్ పరిష్కారమంటూ ఎవరొచ్చినా అదే లెక్కను మంచి మామూలు కంప్యూటర్‌పైనా చేయించాలి. అక్కడ గెలిచిన దాన్నే కొనాలి.