ఎంబీఏకు ఇక్కడి పనే పాఠం కావాలి

హైదరాబాద్‌లో ఎంబీఏలో చేరేవారిలో చాలామంది జీతం, హోదా లెక్కలు వేసుకునే చేరతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసేవారిని ఆరా తీస్తే వేరే మాటలు వినిపిస్తాయి. డిగ్రీ అయింది, పని దొరకలేదు. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో చదువుకోవడానికి రెండేళ్లు కావాలి. ఆడపిల్లయితే పెళ్లి మాట అప్పటిదాకా ఆగుతుంది. ఇవేవీ సిగ్గుపడాల్సిన కారణాలు కావు. చైనాలోనూ ఉద్యోగాలు కరువైన రోజుల్లో, 2023 పీజీ ప్రవేశ పరీక్షకు 47 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. అయినా మన పిల్లలకు వ్యాపారం మీద ఆసక్తే లేదని పెద్దలు తేల్చేస్తున్నారు. ఇది అన్యాయం.

ఆసక్తి పుట్టించే పని కళ్లముందే ఉంది, దాన్ని తరగతి గదిలోకి తెచ్చేవారే లేరు. పలాస-కాశీబుగ్గ వ్యాపారులు ఆఫ్రికా నుంచి కూడా జీడిపిక్కలు తెప్పించి పప్పు తీయిస్తారు. పక్కనే ఉన్న ఉద్దానం రైతు 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర ఇవ్వాలని రోడ్డెక్కుతాడు. దిగుమతి పిక్క ఏ ధరకు దిగుతోంది, బస్తాకు ఎంత పప్పు వస్తోంది, రైతుకూ కొట్టుకూ మధ్య సొమ్ము ఎక్కడ ఆగుతోంది? ఈ లెక్క తేల్చగలిగిన విద్యార్థికి ఏ కంపెనీ అయినా పని ఇస్తుంది. పొందూరు ఖద్దరుకు ఇంత పేరుండీ నేతగాడి కూలి ఎందుకు పెరగదో కూడా ఇలాగే తవ్వి చూడాలి. పైడిభీమవరం మందుల పరిశ్రమలైతే అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉన్న ఎచ్చెర్ల మీదుగా వెళ్లే జాతీయ రహదారి మీదే ఉన్నాయి.

అసలు ఈ చదువు చదివించే స్తోమత లేని ఇళ్లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 డిసెంబరులో ఇచ్చిన 77వ నంబరు జీవో గట్టిగా దెబ్బతీసింది. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. ఆ నిర్ణయం ఏ రూపంలోనూ మిగలకూడదు. ఫీజు ఇవ్వడంతోనే ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు కూడా.

రెండో ఏడాదిలో ఆరు నెలలు స్థానిక పరిశ్రమలోనో, సహకార సంఘంలోనో, రైతు ఉత్పత్తిదారుల సంఘంలోనో పనిచేయడం తప్పనిసరి చేయాలి. ఆ ఆరు నెలలకూ భృతి ఇవ్వాలి. జీతం లేని పని పేద పిల్లలు చేయలేరు. 2015లో మొదలైన విశాఖ ఐఐఎం ఈ జిల్లాల అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే బాధ్యత తీసుకోవాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ముందడుగు వేసి, ఏయే సంస్థలు ఎందరిని తీసుకుంటాయో, ఎంత భృతి ఇస్తాయో వచ్చే ఐసెట్ కౌన్సెలింగ్‌కు ముందే ప్రకటించాలి.