స్నానాలగది నేల క్రింద

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల చుట్టుప్రక్కల, తోర్వా, హేమునగర్ పేటలలో సొంత యిండ్లు కట్టుకొని స్థిరపడిన మన తెలుగువారి గృహములందు ఇటీవల స్నానాలగదుల మరమ్మతు విశేషముగ సాగుచున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకై శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి, 1931లో రాయపూరు-విజయనగరము మార్గము పూర్తియైన పిమ్మట మరింత సుళువుగ, ఈ దిక్కునకు తరలివచ్చిన కుటుంబములలోని నేటి తరమువారు, వృద్ధులైన తల్లిదండ్రులు బాల్చీ లేవనెత్తి పోసికొనలేరను సదుద్దేశముతో, గదిమూల అద్దపు తలుపులు బిగించి షవర్లు అమర్పించుచున్నారు. సంకల్పము శ్లాఘనీయము. కాని ఆ షవరు క్రింది నేల యెట్లున్నదో ముందుగ విచారించువారు అరుదు.

ఫలితము ఏడాది తిరుగకుండనే కానవచ్చును. పాదము మోపగనే పలక టిక్కుమని కదలును. సందునుండి నల్లని నీరు పైకుబికి, పాదము తీయగనే మరల లోనికి జారును. తాపీపిడితో తట్టినచో గట్టినేల పలుకవలసినచోట డొల్లమోత వినవచ్చును. పట్టాల పని యెరిగినవారికి ఈ లక్షణము క్రొత్త కాదు. కోర్బా బొగ్గుబండ్ల బరువునకు కట్టలోని తడిసిన బంకమన్ను కంకర సందులనుండి బురదయై పైకి చిమ్ముట వారు చూచినదే. అట్టిచోట పట్టాను మార్చి ప్రయోజనము లేదని, కంకర తీసి, నీరుపోవు త్రోవ యేర్పరచి, కట్టను చక్కచేసిన తరువాతనే బండికి వేగమీయవలెనని వారికి తెలియును. ఇంటిలోను అదియే న్యాయము.

పూర్వము మన పెద్దలు పెరటిమూల నాపరాతిమీద పీట వేసికొని నీళ్లు పోసికొనెడివారు. ఆ నీరు తిన్నగ అరటిపాదునకు పోయెడిది. బాల్చీ స్నానమునకు చాలు నీరు షవరు క్రింద రెండు మూడు నిమిషములకే వ్యయమగును. అదియు గోడను ఛాతీయెత్తువరకు తడిపి, గోడయు నేలయు కలియు అంచువెంట నిత్యము క్రిందికి జారుచుండును. అంచున వెండ్రుకవాసి బీట యున్నను చాలును. దాని క్రింద నున్నదేమి? పునాది తవ్విన మన్నునో, ఇటుకముక్కలనో, విరిగిన పలకలనో గుప్పించి, దిమ్మిసతో కొట్టకయే పైన సన్నని గచ్చు పోసిన చెత్త! ఈ ప్రాంతమున కన్హార్ అని పిలువబడు నల్లరేగడి కలదు. ఎండకు నెరియలు విచ్చి, తడికి ఉబ్బు ఆ మన్ను స్నానాలగది క్రింద చేరినచో నేల నిలుకడ నెరుగదు.

అట్టి నేలకు సందులలో తెల్లసిమెంటు కూరుట చికిత్స కాదు. నిన్నగాక మొన్న వేయించిన పలకలు పగులగొట్టుటకు ఎవరికిని మనసొప్పదు. ఆ బాధ నాకు తెలియును. అయినను పగులగొట్టవలెనని నొక్కి చెప్పుచున్నాను. పాదము జారిన వృద్ధురాలి తుంటియెముక కంటె ఆ పలకలు విలువైనవి కావు.

షవరును, అద్దమును విప్పి, తడిసిన పూడికనంతయు గట్టిమన్ను తగులువరకు తోడివేయవలెను. గొట్టము కారుచున్నదేమో అప్పుడే పరీక్షింపవలెను. పిదప మొరమును అరడుగు మందమునకు మించని పొరలుగ పోసి, ప్రతి పొరను తడిపి, దిమ్మిసతో కొట్టించి, దానిపై నాలుగంగుళముల కంకర కాంక్రీటు వేసి, కనీసము ఏడు దినములు తడి యారకుండ కాపాడవలెను. నీరు చొరనీయని పూతను నేలతో ఆపక గోడమీదికిని ఎక్కించవలెను. షవరు వైపున మనిషి తలకు మించిన యెత్తువరకు. నీటివాటము చూచుటకు మేస్త్రి కన్ను చాలదు, రసమట్టము పెట్టవలెను.

మేడమీది గదుల విషయము మరింత గంభీరమైనది. అట్టి నేల చదరపు మీటరునకు సుమారు 200 కిలోల వినియోగభారము మోయునట్లు లెక్కగట్టుట మన దేశపు ప్రమాణము. పాత పలకలు తీయక వానిపైననే రెండంగుళముల సిమెంటు గార పరచినచో, ఆ గారయే చదరపు మీటరునకు ఇంచుమించు 100 కిలోలు తూగును. దానికితోడు లోనికింకిన నీరు కడ్డీలను తుప్పు పట్టించును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును గనుక కాంక్రీటును లోనుండి చీల్చి పెచ్చులుగ రాల్చును. క్రిందిగది కప్పున కడ్డీ వెంబడి గోధుమవర్ణపు చార కనిపించినచో సున్నము కొట్టించి మరుగుపరుపక, ఇంజనీరును పిలిపించి, ఆయన వచ్చువరకు ఆ షవరు వాడుక నాపుట మేలు.

మన మేస్త్రీలలో పనివాడితనము లేకపోలేదు. అంచనా కాగితమున పలక ధర, కుళాయి ధర, కూలి యుండును గాని నేల క్రింది పనికి పద్దే యుండదు. కూలి దొరకని పనిని ఎవడు చేయును? కావున ఆ పద్దును మనమే వ్రాయింపవలెను. పూత ఆరిన పిమ్మట, పలకలు పరచుటకు ముందు, గొట్టపు నోరు మూసి నేలమీద రెండు దినములు నీరు నిలిపి, మట్టము తగ్గలేదని ఇంటివారికి చూపిన తరువాతనే తక్కిన సొమ్ము చెల్లింతుమని ఒప్పందములో చేర్చి, సంతకము చేయించుకొనుడు.