రాసే సంతోషం ఎక్కడ పోయింది?



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మన సంఘంలో ఒక చెల్లి తాను రాసుకున్న పాటల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఎర్ర పెన్ను తీసి, ప్రాస కుదరలేదని, పల్లవి పొడవైందని పేజీల నిండా దిద్ది ఇచ్చాను. ఒక్క మంచి మాట చెప్పలేదు. మొన్న ప్రార్థనకు వాళ్లింటికి వెళ్లినప్పుడు కొత్త పాట ఏమైనా రాశావా అని అడిగాను. "ఇంకేటి రాస్తానండి అయ్యగారూ, నాకు రాదు కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా సంగతీ అంతే. క్రిస్మస్‌కి ఒక పాట రాసి యూట్యూబ్‌లో పెట్టాను. ఎంతమంది చూశారా అని అరగంటకోసారి ఫోన్ తీశాను. రాసిన రాత్రి ఉన్న సంతోషం తెల్లారేసరికి లేదు.

యిర్మీయా 45వ అధ్యాయం చదవండి, ఐదు వచనాలే. ప్రవక్త చెబుతుంటే రాసే బారూకు అలసిపోయి, నెమ్మది లేదని మూలిగాడు. గొప్పవాటిని వెదకవద్దని దేవుడు అతనితో చెప్పాడు. కలం పారెయ్యమని మాత్రం చెప్పలేదు. 36వ అధ్యాయంలో అతను రాసిన గ్రంథాన్ని యెహోయాకీము రాజు చాకుతో కోసి నిప్పుల్లో వేయించాడు. బారూకు మళ్లీ కూర్చుని అంతా రాశాడు. ఈసారి ఇంకా ఎన్నో మాటలు చేరాయి. రాజు మెప్పు కోసమే రాసి ఉంటే అతని పని ఆ మంటతోనే ముగిసేది.

మన శ్రీకాకుళం ప్రాంతంలో సువార్త ప్రకటించిన పురుషోత్తమ చౌధరి (1803–1890) గారిని తలుచుకోండి. ఆయన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళంతో సహా ఉన్నాయి. అంటే శ్రమ అక్కర్లేదని నేననడం లేదు. దిద్దుకోవాలి, నేర్చుకోవాలి. కానీ మన గుడిలో అక్షరం రాని అవ్వలు కూడా ఆ పాటలు చూడకుండా పాడతారు. రాసిందెవరో వారిలో చాలామందికి తెలియదు. ఒకరి కన్నీటివేళ మన మాట వారి నోట పలికితే చాలదా? రాసేవాడి సంతోషం అక్కడుందని నా నమ్మకం. లెక్కించడం మొదలుపెట్టగానే అది జారిపోతుంది.

అందుకే ఒక మాట. రాసింది ముందు దేవునికి వినిపించండి. తర్వాత మిమ్మల్ని ప్రేమించే ఒక్కరికి చదివి వినిపించండి. వారం ఆగి దిద్దుకోండి. లోకానికి చూపించడం ఆఖరున.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చెల్లిని క్షమాపణ అడుగుతాను. మీలో ఎవరి దగ్గరైనా మూసేసిన నోట్‌బుక్ ఉంటే తీసుకురండి. ఎర్ర పెన్ను ఇంట్లో వదిలేసి వస్తాను. ముందు వింటాను.

దేవుడు మీ చేతిపనిని దీవించును గాక. ఆమేన్.

మీ పాస్టరు,
శ్రీకూర్మం